కప్పి కాపాడుకోవాల్సిన గులాబీ తీగ మనకెందుకు?

మే నెల వచ్చిందంటే, అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మా మినియాపాలిస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మొక్కల ఫోటోలు మొదలవుతాయి. టమాటా నారు ఎప్పుడు నాటాలి, గోంగూర విత్తనాలు ఎవరి దగ్గరున్నాయి, కరివేపాకు కుండీ బయట పెట్టొచ్చా. వీటి మధ్యలో ఎవరో ఒకరు ఇంటి ముందు కమాను కట్టి గులాబీ తీగ పాకించాలనుందని రాస్తారు. వెంటనే సలహాలు కురుస్తాయి. దాదాపు అన్నీ ఒకే సంగతి గురించి: చలికాలంలో దాన్ని దేంతో చుట్టాలి? గోనెపట్టా అని ఒకరు, మొక్క మీద బోర్లించే ఫోమ్ కోన్ అని ఒకరు, చుట్టూ జాలీ కట్టి ఆకుచెత్త నింపమని ఇంకొకరు.

నా మాట వేరు. చుట్టి కాపాడాల్సిన తీగను ఈ ఊళ్లో కొనొద్దు. ఇలా అన్నందుకు నాకు మొండిదాన్నని పేరొచ్చింది. ప్రతిసారీ ఫోన్‌లో టైప్ చేయడం కంటే ఒకేసారి వివరంగా రాయడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

పొద గులాబీకీ తీగ గులాబీకీ ఉన్న తేడా దగ్గర మొదలుపెడతాను. పొద గులాబీ చలికి నేల దాకా మాడిపోయినా పెద్ద నష్టం లేదు. వేరు బతికుంటే మే నెలలో కొత్త చిగుళ్లు వేసి, జూన్ ఆఖరుకో జూలైకో మోకాలెత్తు పెరిగి పూస్తుంది. ఇక్కడ ప్రతి వీధిలోనూ కనిపించే నాకౌట్ రకాలు చాలా ఏళ్లు చేసేది అదే. తీగకి అలా కుదరదు. దాని అందమంతా పాత కొమ్మలో ఉంది. నిరుడు పెరిగిన పొడవాటి కొమ్మ చలికాలం దాటి నిలిచి, కణుపు కణుపుకీ చిన్న పక్కకొమ్మ వేసి, దాని చివర పూస్తేనే కమాను నిండుతుంది. ఏడాదికి ఒక్కసారే పూసే రకాల్లో పువ్వంతా పాత కొమ్మ మీదే. ఆ కొమ్మ పోతే ఆ ఏటికి పువ్వు లేనట్టే. మళ్లీ మళ్లీ పూసే రకాలు కొత్త కొమ్మ మీద కూడా పూస్తాయి గానీ ఎత్తు పోతుంది. మా దగ్గర మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది, అక్టోబరు మొదట్లో మళ్లీ మొదలు. ఆ ఐదు నెలల్లో ప్రతి ఏడూ నేల నుంచి లేచి పైకి పాకాలంటే అది గులాబీ తీగ కాదు, బీరపాదు. బీరపాదైనా నయం, ఆ ఏటి కాపు ఆ ఏడే ఇస్తుంది.

అందుకే తీగ విషయంలో "బతుకుతుందా?" అని అడిగితే చాలదు, "ఎంత ఎత్తు దాకా బతుకుతుంది?" అని అడగాలి. నర్సరీ లేబుల్ మీద "జోన్ 5 దాకా తట్టుకుంటుంది" అని ఉంటుంది చూడండి, అందులో ఈ రెండో ప్రశ్నకి జవాబు ఉండదు. వేరు తట్టుకుంటుందా, కొమ్మ తట్టుకుంటుందా, కొమ్మ అయితే మంచు మట్టం పైన ఉన్న భాగమా, కింద ఉన్నదా? లేబుల్‌కి అంత చోటు లేదు. అమ్మేవాళ్లకి అంత ఓపికా లేదు.

ఇక జోన్ సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ దేశమంతటికీ ఒక పటం వేసింది. ఒక్కో ఏడాదిలో అన్నిటికంటే చల్లటి రాత్రి ఎంత పడిందో తీసుకుని, చాలా ఏళ్లకి సగటు కట్టి, దాన్ని బట్టి ఊరికి నంబరు ఇస్తారు. జోన్ 4 అంటే ఆ సగటు మైనస్ 30 నుంచి మైనస్ 20 ఫారన్‌హీట్ మధ్య, అంటే సుమారు మైనస్ 34 నుంచి మైనస్ 29 సెల్సియస్. జోన్ 5 అంటే మైనస్ 29 నుంచి మైనస్ 23 సెల్సియస్. 2023లో పటాన్ని కొత్తగా వేసినప్పుడు 1991 నుంచి 2020 దాకా ఉన్న లెక్కలు తీసుకున్నారు. ఒక్కో జోన్‌లో చల్లటి సగాన్ని ఎ అనీ, మిగతా సగాన్ని బి అనీ అంటారు. కొత్త లెక్కతో మినియాపాలిస్ 4బి (మైనస్ 25 నుంచి మైనస్ 20 ఫారన్‌హీట్) నుంచి 5ఎలోకి మారింది. అప్పట్నుంచి మావాళ్లకి ధైర్యం పెరిగింది. "మనం ఇప్పుడు జోన్ 5 కదండీ" అని ఇదివరకు ముట్టని తీగలు తెచ్చి నాటుతున్నారు.

సగటు అన్న మాటలోనే చిక్కుంది. అంతకంటే చల్లటి ఏళ్లు కూడా ఉంటేనే అది సగటు అవుతుంది. 2019 జనవరి 30న పోలార్ వోర్టెక్స్, అంటే ధ్రువం వైపు ఉండే గడ్డు చలిగాలి, కిందికి దిగినప్పుడు మా విమానాశ్రయంలో మైనస్ 28 ఫారన్‌హీట్ నమోదైంది, సెల్సియస్‌లో మైనస్ 33. పాత పటం లెక్కన చూసినా అది ఈ ఊరికి ఇచ్చిన హద్దు కంటే కిందే. కమాను నిండడానికి తీగకి మూడు నాలుగేళ్లు పడుతుంది. మధ్యలో అలాంటి రాత్రి ఒక్కటి వస్తే కథ మళ్లీ మొదటికి. ఏటా నేల నుంచి లేచే మొక్కకి సగటు చూసుకుంటే సరిపోవచ్చు. ఏళ్ల తరబడి కొమ్మ నిలవాల్సిన మొక్కకి మాత్రం ఆ గడ్డు రాత్రే లెక్క. కాబట్టి తీగ కొనేటప్పుడు మన జోన్ కంటే ఒకటి, వీలైతే రెండు నంబర్లు తక్కువకి తట్టుకునేది చూసుకోవాలి. మాది 5 అని రాసున్నా నేను 3 అని ఉన్నవే కొంటాను.

ఇంతకీ కొమ్మ ఎందుకు చస్తుంది? కణాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి కాబట్టి అనుకుంటాం. చలికి అలవాటుపడ్డ కొమ్మలో జరిగేది కాస్త వేరు. మంచు ముందు కణాల బయట, వాటి మధ్య ఖాళీల్లో కడుతుంది. అది కణం లోపలి నీటిని బయటికి లాగుతుంది. లోపల మిగిలిన రసం చిక్కబడుతుంది, అందులో చక్కెరల పాలు పెరుగుతుంది, దాంతో అది అంత తేలిగ్గా గడ్డకట్టదు. అంటే చలిని ఓర్చుకోవడం సగానికి సగం ఎండిపోవడాన్ని ఓర్చుకోవడమే. ఏ కణం ఎంతవరకు ఎండి, వసంతంలో మళ్లీ నీరు పట్టి లేవగలదో అదే ఆ రకం హద్దు. కణం లోపలే మంచు కట్టిందంటే ఇక ఆశ లేదు.

ఈ అలవాటు ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పగటి వేళ తగ్గుతున్నప్పుడు మొక్క పెరగడం నిదానిస్తుంది. ఆ తర్వాత సున్నాకి అటూ ఇటూ ఉండే రాత్రులు కొన్ని వారాలు గడిస్తే కొమ్మ ముదురుతుంది. ఈ వరస తప్పితే ఎంత గట్టి చెట్టైనా దెబ్బతింటుంది. 1940 నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన గుర్తుగా జరిపే ఆర్మిస్టిస్ డే నాడు, వెచ్చగా సాగుతున్న రోజుల మధ్యలో హఠాత్తుగా చలి తుఫాను దిగింది. మా పక్క రాష్ట్రం అయోవాలో ఆపిల్ తోటలు దాంతో కుదేలయ్యాయి. మామూలు జనవరుల్లో అంతకంటే పెద్ద చలిని తట్టుకున్న చెట్లే అవి. ముదరకముందే చలి పడింది, అంతే.

మనం గులాబీ అనగానే కళ్ల ముందు మెదిలే పొడవాటి మొగ్గల హైబ్రిడ్ టీ రకాలకి ఈ ముదరడమే చేతకాదు. అవి ఏడాదిలో మళ్లీ మళ్లీ పూస్తాయంటే ఆ గుణం చైనా గులాబీల నుంచి వచ్చింది. వెచ్చటి చోట పుట్టిన ఆ మొక్కలకి ఆగడం తెలియదు. చిగురు, మొగ్గ, పువ్వు, మళ్లీ చిగురు. కడియపులంక నర్సరీల్లో గోదావరి గాలికి అదొక వరం. మిన్నెసోటా అక్టోబరులో లేత చిగురుతో నిలబడ్డ కొమ్మకి అదే ప్రాణం మీదికి తెస్తుంది.

గోనెపట్టా చుట్టినంత మాత్రాన ఈ గుణం మారదు. పైగా చెట్టుకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, దుప్పటి కప్పితే వెచ్చబడడానికి. చుట్టిన పట్టా గాలినీ ఎండనీ కొంత ఆపుతుంది, నిజమే. అదీ ఉపయోగమే, ఎందుకంటే ఫిబ్రవరి ఎండకి కొమ్మ తడి ఆరిపోతుంటే గడ్డకట్టిన నేలలోంచి వేరు కొత్త నీరు అందించలేదు. కానీ మైనస్ 30 రాత్రి పది గంటలు సాగితే పట్టా లోపలా దాదాపు అంతే చలి. నిజంగా కాపాడేవి రెండే: నేలలోంచి వచ్చే వేడి, దాన్ని పోనివ్వకుండా కప్పిన మందపాటి మంచు. రెండూ నేల దగ్గర ఉంటాయి, కమాను పైన ఉండవు.

ఈ సంగతి బాగా అర్థం చేసుకున్న పాతకాపులు మా ఊళ్లోనే ఉన్నారు. "మిన్నెసోటా టిప్" అని ఒక పద్ధతి ఉంది (టిప్ అంటే ఇక్కడ పక్కకి వంచడం), మినియాపాలిస్‌కి చెందిన ఆల్బర్ట్ నెల్సన్ పేరు మీద చెప్పుకుంటారు. అక్టోబరు మధ్యలో గులాబీ కొమ్మల్ని తాడుతో కట్టి, మొక్క పొడవున కందకం తవ్వి, ఒక పక్క వేళ్లు వదులుచేసి, మొక్కని మొదలంటా పక్కకి వంచి కందకంలో పడుకోబెట్టి, మట్టి పూడ్చి, పైన ఆకుచెత్త వేస్తారు. ఏప్రిల్‌లో తవ్వి లేపుతారు. వినడానికి వింతగా ఉన్నా పనిచేస్తుంది. ఇక్కడ హైబ్రిడ్ టీలని దశాబ్దాల తరబడి బతికించుకున్నవాళ్లు ఈ పద్ధతితోనే బతికించుకున్నారు. నా వాదనకి ఎదురు నిలిచే గట్టి ఉదాహరణ ఏదైనా ఉంటే అది ఇదే, గోనెపట్టా కాదు.

వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ రెండడుగుల పొదని పడుకోబెట్టడం వేరు, ఎనిమిదడుగుల తీగని కమాను మీద నుంచి ముడులన్నీ విప్పి, ముళ్లు గుచ్చుకుంటుంటే ముగ్గురు పట్టుకుని వంచడం వేరు. సరిగ్గా దసరా దీపావళి రోజులు, పిల్లల స్కూళ్లు, బయట ఐదింటికే చీకటి పడబోయే కాలం. మొదటి ఏడాది సరదాగా చేస్తాం. రెండో ఏడాది భర్తని బతిమాలుకుంటాం. ఆ తర్వాత ఏదో ఒక అక్టోబరులో నడుము పట్టేస్తుంది, లేదా ఇండియా ప్రయాణం పడుతుంది, ఆ ఏడే పెద్ద చలి వస్తుంది. పోటీల్లో ప్రైజులు కొట్టే పువ్వు కావాలనుకునేవాళ్లు చేయనీ. ఇంటి ముందు నీడగా, నిండుగా ఒక తీగ ఉంటే చాలనుకునే మామూలు కుటుంబానికి ఇది చెప్పాల్సిన సలహా కాదు.

మరి ఆ మామూలు కుటుంబానికి ఏముంది? ఇక్కడే నాకు నచ్చే కథ ఒకటుంది. రుగోసా అనే గులాబీ జపాన్, కొరియా, రష్యా తూర్పు తీరాల్లో సముద్రం ఒడ్డున పెరుగుతుంది. చలికీ ఉప్పుగాలికీ లొంగదు. దానికీ, తూర్పు ఆసియాకే చెందిన విచురానా అనే పాకే గులాబీకీ పుట్టిన "మాక్స్ గ్రాఫ్" అనే రకం అమెరికాలో 1919 ప్రాంతంలో బయటికొచ్చింది. నేల మీద పరుచుకునే గట్టి మొక్క, కానీ దాదాపు గొడ్డు. విత్తనం పడదు, పడితే మొలవదు. జర్మనీలో విల్హెల్మ్ కోర్డెస్ దాని వెంట పడి, చాలా ఏళ్లకి దొరికిన కొద్ది విత్తనాల నుంచి ఒక మొక్కని నిలబెట్టాడు. అందులో క్రోమోజోములు వాటంతట అవే రెట్టింపై ఉన్నాయి: 14కి బదులు 28. తోట గులాబీల్లో ఎక్కువ వాటికి ఉండేది ఆ 28. అంటే గొడ్డు మొక్క పిల్ల ఇప్పుడు తోట గులాబీలతో సంకరానికి పనికొస్తుంది, రుగోసా మొండితనాన్ని వాటికి అందిస్తుంది. దానికి ఆయన పేరు మీదే రోసా కోర్డెసీ అని పేరుపడింది.

ఆ కోర్డెసీని చలి ఇంకా ఎక్కువున్న చోటికి తీసుకెళ్లింది ఫెలిసిటాస్ స్వెయ్‌డా. వియన్నాలో పుట్టిన శాస్త్రవేత్త, కెనడా వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఒట్టావాలోని సెంట్రల్ ఎక్స్‌పెరిమెంటల్ ఫామ్‌లో 1961లో ఆమె గులాబీ సంకరాల పని మొదలుపెట్టింది. కావాల్సినవి మూడు: చలిని తట్టుకోవాలి, వేసవంతా పూయాలి, తెగుళ్లు పట్టకూడదు. పరీక్ష కూడా సూటిగానే ఉండేది. మొక్కల్ని చలికాలంలో ఏ కప్పూ లేకుండా వదిలేయడం, వసంతంలో నిలిచినవాటితో ముందుకెళ్లడం. అలా వచ్చినవే ఎక్స్‌ప్లోరర్ గులాబీలు. వాటిలో తీగలుగా పాకించుకోదగ్గవి జాన్ కాబట్ 1978లో, విలియమ్ బాఫిన్ 1983లో, జాన్ డేవిస్ 1986లో బయటికొచ్చాయి. ఆ వరసలోనే 1994లో క్వాడ్రా వచ్చింది. అంతా ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పని. ఇరవై ఏళ్లు ఓపిక పట్టి ఒక తీగని నిలబెట్టే వ్యాపారి దొరకడం కష్టం, ప్రభుత్వ పరిశోధన దేనికి అని అడిగేవాళ్లకి నేను మా కమాను చూపిస్తాను.

పేర్ల దగ్గర నవ్వొస్తుంది. బాఫిన్, డేవిస్, ఫ్రోబిషర్, హడ్సన్, వీళ్లంతా ఉత్తర ధ్రువం వైపు ఆసియాకి దారి వెతుకుతూ మంచులో తిరిగిన నావికులు. హెన్రీ హడ్సన్‌ని అయితే 1611లో సొంత నావికులే తిరగబడి చిన్న పడవలో వదిలేశారు, మళ్లీ కనబడలేదు. ఆ పేరున్న గులాబీ మాత్రం నిక్షేపంలా చలికాలాలు దాటేస్తోంది. మంచుని గెలవలేకపోయిన మగవాళ్ల పేర్లన్నీ మంచుని గెలిచిన మొక్కలకి పెట్టారు. వాటిని గెలిపించిన ఆవిడ పేరు నర్సరీలో అడిగితే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా అభిప్రాయాలు, నిర్మొహమాటంగా. విలియమ్ బాఫిన్ ఈ తీగల్లో రాక్షసి. పదడుగులు సునాయాసంగా ఎక్కుతుంది, ముదురు గులాబీ రంగు పూలు గుత్తులు గుత్తులుగా వేస్తుంది, నల్లమచ్చ తెగులు దాని జోలికి పెద్దగా రాదు. జోన్ 3లో కూడా కొమ్మ నిలుస్తుంది. కానీ దాని ముళ్లు ముళ్లు కావు, కొక్కేలు. దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ జాలీలకి, పల్చటి రేకు కమానులకి అది కట్టొద్దు, రెండేళ్లలో వంగిపోతాయి. ఇనప గొట్టాలో మందపాటి కలపో కావాలి, నేలలోకి లోతుగా దిగాలి. నడక దారి పక్కన, పిల్లలు ఆడే చోట వద్దు. జాన్ కాబట్ కొంచెం సన్నటిది, రంగు ఎరుపుకీ ఊదాకీ మధ్య. నా మటుకు నాకు జాన్ డేవిస్ ఇష్టం: లేత గులాబీ, రేకులు ఎక్కువ, పాతకాలపు పువ్వులా ఉంటుంది, ముళ్లు తక్కువ, కాస్త వాసన కూడా ఉంది. కాకపోతే ఏడడుగులు దాటించాలంటే ఓపిక కావాలి. క్వాడ్రా ముదురెరుపు, నెమ్మది. హెన్రీ కెల్సీ కూడా ఎరుపే, పువ్వు బాగుంటుంది గానీ ఆకు మచ్చలు పడి రాలుతుంది. ఆకు రాలిన మొక్క చక్కెర కూడబెట్టుకోలేక చలికాలంలోకి నీరసంగా వెళ్తుంది, అందుకే నేను దాన్ని ఎవరికీ చెప్పను.

అందరూ అడిగే "న్యూ డాన్" గురించి కూడా చెప్పాలి. అమెరికాలో మొట్టమొదటి మొక్కల పేటెంటు, 1931లో, దానికే వచ్చింది. ముత్యపు గులాబీ రంగు, సొగసైన తీగ, వాసన. కాన్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు నిశ్చింతగా పెంచుకోవచ్చు. ఇక్కడ నేను చూసిన తోటల్లో గట్టి చలి పడ్డ ఏడల్లా మంచు మట్టం దాకా నల్లబడిపోయింది. వేరు చావదు, తీగ నిలవదు. లేబుల్ చెప్పింది అబద్ధమూ కాదు, మనకి పనికొచ్చే నిజమూ కాదు.

లేబుల్‌లో కనబడని ఇంకో సంగతి అంటు. మా వీధిలోనే ఉండే ఒక తెలుగావిడ పెద్ద దుకాణంలో తెల్ల గులాబీ తీగ కొన్నారు. కొంత కాలానికి ఫోన్ చేసి, "అక్కా, గులాబీలకి రంగు మారుతుందా? తెల్లది నాటితే ముదురెరుపు పూసింది" అని అడిగారు. వెళ్లి చూస్తే కొమ్మలు ఏపుగా ఉన్నాయి, మంచు కప్పుకుని నిలిచిన అడుగు భాగంలో మాత్రం నాలుగైదు పూలు. అది డాక్టర్ హ్యూయీ. అమెరికాలో గులాబీ అంటుకట్టడానికి ఎక్కువగా వాడే వేరు మొక్క అది. ఫిలడెల్ఫియాలో గులాబీలు పెంచిన ఒక దంతవైద్యుడి పేరు దానికి పెట్టారు. పైన అంటుకట్టిన తెల్ల గులాబీ చలికి చచ్చిపోయింది, కింద నుంచి పిలకలు లేచాయి. దుకాణంవాళ్లని అడిగితే నీళ్లు సరిగ్గా పోయలేదేమో అన్నారట. చలిదేశంలో అంటు మొక్క కొంటే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సొంత వేళ్ల మీద పెంచిన మొక్కైతే నేల దాకా మాడినా లేచేది అదే రకం. ఎక్స్‌ప్లోరర్ రకాలు కొమ్మ నాటితే తేలిగ్గా వేరు పడతాయి కాబట్టి సొంత వేళ్లవే సులువుగా దొరుకుతాయి. తప్పనిసరై అంటు మొక్క నాటాల్సి వస్తే, అంటుకట్టిన బుడిపె నేలకి నాలుగు నుంచి ఆరంగుళాల లోతున ఉండేలా పాతాలి. ఇండియాలో మనం ఆ బుడిపెని మట్టికి పైన ఉంచుతాం, ఆ అలవాటు ఇక్కడ మానుకోవాలి.

రకం సరిగ్గా ఎంచుకుంటే మిగతా పని పెద్దగా లేదు. ఉన్నది మాత్రం సమయానికి చేయాలి. నాటడం మే నెలలో, శరదృతువులో కాదు, వేరు కుదురుకోవడానికి ఒక పూర్తి వేసవి దొరకాలి. ఆరుగంటల ఎండ ఉన్న చోటు, ఇంటి కప్పు మీద నుంచి మంచుపెళ్లలు జారిపడని చోటు, రోడ్డు మీద చల్లే ఉప్పు తగలని చోటు. దక్షిణం గోడ వెచ్చగా ఉంటుందని అందరూ అక్కడే నాటుతారు. నాకది ఇష్టం లేదు. ఫిబ్రవరిలో గోడ వేడికి కొమ్మ మేలుకుంటుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. తూర్పు వైపు నయం.

మొదటి రెండేళ్లు కత్తెర దాచేయండి. కొమ్మలు పొడవు కావాలి. పెరిగిన కొమ్మని నిట్టనిలువుగా కట్టొద్దు. నిలువు కొమ్మ చివర్నే చిగురుస్తుంది, అడుగంతా బోసిగా ఉండి పువ్వు నడినెత్తిన పూస్తుంది. వీలైనంత అడ్డంగా, వాలుగా వంచి కడితే ప్రతి కణుపూ మేలుకుంటుంది. లేతగా ఉన్నప్పుడే వంచాలి, ముదిరాక వంచితే విరుగుతుంది. పాత కాటన్ చీర పేలికలు కట్టడానికి ప్లాస్టిక్ తాళ్ల కంటే బాగుంటాయి, కొమ్మని కోయవు.

ఎరువు విషయంలో మనవాళ్ల చేయి పెద్దది. పేడ ఎరువు, ఉల్లితొక్కల నీళ్లు, టీపొడి, ఏది దొరికితే అది. జూలై దాటాక నత్రజని ఉన్నదేదీ వేయొద్దు. ఆగస్టులో వేసిన ఎరువు సెప్టెంబరులో లేత చిగురవుతుంది, నవంబరులో నల్లబడుతుంది. సెప్టెంబరు నుంచి వాడిన పూలు కూడా తుంచకుండా కాయలు కట్టనివ్వాలి. కాయ పడితే కొత్త చిగుళ్ల హడావిడి తగ్గుతుంది. నీళ్లు మాత్రం నేల గడ్డకట్టే దాకా ఆపకూడదు. ఎండిన వేళ్లతో చలికాలంలోకి వెళ్లిన తీగ ఫిబ్రవరి గాలికి నిలవదు.

అక్టోబరులో శుభ్రంగా ఉండాలని కొమ్మలు కత్తిరించే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి వద్దు. కత్తిరింపు వసంతంలోనే, మొగ్గలు ఉబ్బాక. అప్పుడు కూడా తొందర పనికిరాదు. పైకి గోధుమ రంగుగా ఉన్న కొమ్మ చచ్చిందనుకుంటాం, మే మధ్యలో అదే చిగురుస్తుంది. కోసి చూస్తే లోపలి బెండు తెల్లగా ఉంటే బతికుంది, గోధుమ రంగైతే ఇంకొంచెం కిందికి. తీగ నిండిన తర్వాత ఏటా అన్నిటికంటే పాత కొమ్మని ఒకదాన్ని మొదలంటా తీసేస్తే కొత్తవాటికి చోటు దొరుకుతుంది.

జపాన్ పెంకుపురుగులు జూలైలో వస్తాయి, పూలని జల్లెడ చేస్తాయి. పొద్దున్నే మత్తుగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల గిన్నెలోకి దులపడమే నేను చేసేది. వేపనూనె మీద మనకున్న నమ్మకం ఈ పురుగు మీద అంతగా పనిచేయదు. చలికి చావని తీగని చంపగలిగేది కుందేలు. ఆకలికి బెరడు చుట్టూ కొరుకుతుంది. మొదలు చుట్టూ ఇనప జాలీ కట్టాలి, అదీ నేల నుంచి కాకుండా మంచు మట్టం నుంచి లెక్కేసి. రెండడుగుల మంచు పడ్డాక కుందేలు దాని మీద నిలబడి తింటుంది.

నాతో వాదించేవాళ్లు ఆఖరికి వచ్చేది వాసన దగ్గరికి. మా అత్తగారు రాజమండ్రి నుంచి ఒకసారి మార్చిలో వచ్చారు. వచ్చీ రాగానే "ఇదేంటమ్మా, గుమ్మం ముందు ఎండు కంప పెట్టుకున్నావు? తీయించెయ్యరాదూ?" అన్నారు. జూన్‌లో అది నిండుగా పూసినప్పుడు ముఖం విప్పారింది గానీ, ఒక పువ్వు కోసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇన్ని పూసి ఏం లాభం, వాసనే లేదు" అని తేల్చేశారు. పూజకి మాత్రం రోజూ కోసుకున్నారనుకోండి. ఆవిడ మాటలో నిజముంది. విలియమ్ బాఫిన్‌కి చెప్పుకోదగ్గ వాసన లేదు. నాటు గులాబీ వాసన తెలిసినవాళ్లకి అది లోటే. నేను దానికి ఒక కుండీ కేటాయించాను: వాసన గులాబీ ఒకటి కుండీలో పెంచి, ఆకు రాలాక వేడి లేని గరాజ్‌లోకి చేర్చి, అప్పుడప్పుడు కాసిని నీళ్లు పోసి, ఏప్రిల్‌లో బయటికి తీస్తాను. కాపాడుకోవాలన్న కోరిక తీరాలంటే ఒక్క కుండీ చాలు, కమాను మొత్తం అక్కర్లేదు.

మన దగ్గర ఇదే వాదనని తిరగేసి చెప్పిన ఆయన ఒకరున్నారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందే వదిలేసి కొడైకెనాల్‌లో స్థిరపడ్డ వీరరాఘవన్ గారు, అందరికీ 'వీరు' వీరరాఘవన్‌గా తెలుసు. చలిదేశాల కోసం తయారైన గులాబీలని మన ఎండల్లో తంటాలు పడి పెంచడమేమిటి, వేడికి పుట్టిన గులాబీలే చేసుకోవాలి కదా అని, మణిపూర్ కొండల్లో పెరిగే రోసా జైగాంటియా, మన నీటి ఒడ్డుల్లో పెరిగే రోసా క్లైనోఫిల్లా లాంటి ఈ నేల జాతులతో సంకరాలు చేశారు. ఒట్టావాలో స్వెయ్‌డా చలి కోసం చేసిన పనే కొడైకెనాల్‌లో వేడి కోసం జరిగింది. ఇద్దరూ మొక్కకి గొడుగు పట్టే ఆలోచన చేయలేదు, గొడుగు అక్కర్లేని మొక్కని వెతికారు. జైగాంటియా కూడా బ్రహ్మాండమైన తీగే. దాన్ని ఎవరైనా మినియాపాలిస్ తెచ్చి గోనెపట్టా చుడతానంటే ఆపడం మన బాధ్యత.

తెల్ల గులాబీ ఎర్రబడ్డ మా వీధి ఆవిడ సంగతి ఇంకా తేలలేదు. డాక్టర్ హ్యూయీని వేళ్లతో సహా తవ్వించాలి, ముక్క మిగిలినా మళ్లీ పిలక వేస్తుంది. గులాబీ తీసిన చోటే కొత్త గులాబీ పెడితే సరిగా ఎదగదు కాబట్టి మట్టి మార్చమన్నాను, లేదా నాలుగడుగులు జరపమన్నాను. ఆవిడకి తెలుపే కావాలి. తెలుపులో ఇక్కడ కొమ్మ నిలిచేది ఫిన్లాండ్ నుంచి వచ్చిన పోల్‌స్టియర్నన్, చిన్న చిన్న పూలు, ఏడాదికి ఒక్క విడతే. వాళ్లాయనకి ఏడాదికి ఒక విడత అంటే నచ్చడం లేదు, వేసవంతా పూసే న్యూ డాన్ పెట్టి గోనెపట్టా తనే చుడతానంటున్నారు. కమానుకి రెండు కాళ్లున్నాయి కదా, చెరొకటి నాటుకోమని చెప్పాను.